గ్రూపులో మాటల్లేవా, మాట్లాడినోళ్లని తీసేశారా?

ఈ వారం ఉత్తరం:

"అక్కా, నేను మాదాపూర్‌లో ఒక చిన్న టెస్ట్ ప్రిపరేషన్ స్టార్టప్‌లో పనిచేస్తున్నా. గ్రూప్స్, స్టాఫ్ సెలెక్షన్ (ఎస్సెస్సీ), బ్యాంక్ ఉద్యోగాల పరీక్షలకి మా యాప్‌లో మాక్ టెస్టులు పెడతాం. స్టూడెంట్స్ టెలిగ్రామ్ గ్రూపు చూసుకోవడం నా పని. పద్దెనిమిది వేల మంది ఉన్నారు, మాట్లాడేది మాత్రం పది మంది కూడా లేరు. పోయిన నెల పాలిటీ మాక్‌లో, ఆస్తి హక్కుని ప్రాథమిక హక్కుల్లోంచి తీసేసిన సవరణ ఏది అనే బిట్‌కి మా ఆన్సర్ కీలో 42 అని తప్పు పడింది. గ్రూపంతా లొల్లి. మా సార్ నెగెటివ్ మెసేజ్‌లు డిలీట్ చెయ్, ఎక్కువ మాట్లాడేవాళ్లని తీసెయ్ అన్నారు, నేను ఐదుగురిని తీసేశా. వాళ్లు వేరే గ్రూపు పెట్టుకున్నారు, మా వాళ్లు చాలా మంది అటు పోయారు. ఇప్పుడు సార్ ఎంగేజ్‌మెంట్ పెంచు, మీమ్స్ పెట్టు, గివ్‌అవే పెట్టు, సెలెక్ట్ అయినోళ్ల ఫోటోలు పెట్టు అంటున్నారు. దానికి తోడు రాత్రి పన్నెండింటికి కూడా పర్సనల్ మెసేజ్‌లు. మొన్న ఒకబ్బాయి 'ఇక నా వల్ల కాదక్కా, బతికి ఏం లాభం' అని పెట్టాడు. ఏమనాలో తెలీక 'పాజిటివ్‌గా ఉండు బ్రదర్' అని పెట్టా, కానీ నిద్ర పట్టలేదు. నేనూ అశోక్‌నగర్‌లో రూమ్ తీసుకుని ఈ పరీక్షలకే చదివినదాన్నే. ఏం చెయ్యాలో చెప్పక్కా."

చెల్లీ, ముందు ఆ అబ్బాయి సంగతి చూద్దాం, నీ గ్రూపు ఎంగేజ్‌మెంట్ ఎక్కడికీ పోదు.

ఇప్పుడే అతనికి మెసేజ్ చెయ్, నంబర్ ఉంటే ఫోనే చెయ్. ఎలా ఉన్నావ్, తిన్నావా, రూమ్‌లో పక్కన ఎవరున్నారు అని అడుగు. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడిగినా పర్లేదు, అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందని చాలా మంది భయపడతారు గానీ అట్లా ఏం కాదు, అవతలి మనిషికి చెప్పుకోడానికి ఒక దారి దొరుకుతుంది అంతే. టెలీ మానస్ అని కేంద్ర ప్రభుత్వ హెల్ప్‌లైన్ ఉంది, నంబర్ 14416, 2022 నుంచి నడుస్తోంది, ఫ్రీ, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. ఆ నంబర్ పంపేసి ఊరుకోకు, చేశావా అని మళ్లీ అడుగు. రూమ్మేట్‌దో ఇంట్లో వాళ్లదో నంబర్ తీసుకో. ఇప్పటికిప్పుడు ఏదో చేసుకుంటాడేమో అనిపిస్తే మాత్రం ఇంకేం ఆలోచించకు, 112కి ఫోన్ చెయ్. నువ్వు కౌన్సిలర్‌వి కాదు, అవ్వాల్సిన పని కూడా లేదు, తెలిసినోళ్ల దాకా చేర్చడం వరకే నీ వంతు. రేపు ఆఫీసుకి వెళ్లగానే మీ సార్‌తో ఇది చెప్పి, ఇలాంటి మెసేజ్ వస్తే ఎవరు ఫోన్ చెయ్యాలి, ఎవరికి చెప్పాలి అనేది ఒక కాగితం మీద రాయించు. పద్దెనిమిది వేల మంది ఉద్యోగం లేని పిల్లలున్న చోట ఇలాంటి మెసేజ్ ఇదొక్కటే రాదు కదా.

మిగతా రాత్రి మెసేజ్‌ల గొడవ చిన్నదే, డౌట్లకి పొద్దున పది నుంచి సాయంత్రం ఏడు వరకే రిప్లై అని పిన్ చేసెయ్. పన్నెండింటికి "అక్కా పీడీఎఫ్" అన్నోడికి పొద్దున పదింటికి ఇస్తే కొంప మునగదు.

ఇంక ఆ ఐదుగురి దగ్గరికొద్దాం.

నేను ఒకప్పుడు కోచింగ్ సెంటర్‌లో పాలిటీ చెప్పేదాన్ని. క్లాస్ అయిపోయాక ఎవడో ఒకడు తెలుగు అకాడమీ పుస్తకం మధ్యలో వేలు పెట్టుకుని, పేజీ ఎక్కడ మూసుకుపోతుందో అన్నట్టు గుండెకి ఆనించి పట్టుకుని వచ్చేవాడు, మేడమ్ మీరు చెప్పింది ఒకటుంది ఇందులో ఇంకోటుంది అని. వాడి వెనకాల ఓ నలుగురు నిలబడేవాళ్లు, వాళ్లకి డౌట్ లేదు, బ్యాగులు సర్దుకుంటున్నట్టు నటిస్తూ నా మొహం వైపే చూసేవాళ్లు. నేను విసుక్కుంటానా, పుస్తకం తీసుకుని చదువుతానా అని. పుస్తకం తీసుకుని చదివానా, మర్నాటి క్లాసులో ఆ నలుగురిలో ఒకడు చెయ్యెత్తేవాడు. విసుక్కుంటే ఆ బ్యాచ్ అయిపోయేదాకా ఎవడూ నోరు విప్పడు. మీ గ్రూపులో మాట్లాడని ఆ పద్దెనిమిది వేల మందీ ఆ నలుగురేనమ్మా. పుస్తకం పట్టుకుని వచ్చిన ఐదుగురిని మీరేం చేశారో అందరూ చూశారు. ఇప్పుడు నువ్వు మీమ్ పెడితే నవ్వు ఎమోజీ ఒకటి పెట్టి పోతారు, నోరు మాత్రం ఎవరూ తెరవరు.

అదీగాక తప్పెక్కడ వచ్చిందో చూడు. ఆస్తి హక్కుని తీసేసింది 44వ సవరణ, 1978లో, ఇప్పుడది 300ఎ ఆర్టికల్‌లో మామూలు చట్టబద్ధ హక్కు. ఈ ముక్క చిక్కడపల్లి లైబ్రరీలో సీటు కోసం పొద్దున్నే లైన్లో నిలబడే ఏ కుర్రాడిని లేపి అడిగినా కళ్లు మూసుకుని చెప్తాడు. అలాంటి బిట్‌కి కీ తప్పిచ్చి, తప్పని చెప్పినోడిని తీసేస్తే, వీళ్ల మిగతా 149 బిట్ల కీ ఎవరు చూశారో అని డౌట్ రాదా? తెలంగాణ గ్రూప్-2లో పేపర్‌కి 150 మార్కులు, నాలుగు పేపర్లు, మొత్తం 600. అక్కడ ఒక్క మార్కుకి ఎంత మంది ముందుకీ వెనక్కీ అవుతారో నువ్వూ చదివినదానివే, నీకు నేను చెప్పక్కర్లేదు.

పైగా వీళ్లు ఏం చూసి వచ్చినోళ్లో మీ సార్‌కి గుర్తు చెయ్. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకి గ్రూప్-1 నోటిఫికేషన్ పడింది, అక్టోబర్‌లో ప్రిలిమ్స్ రాశారు, పేపర్ లీకైందని 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్లీ రాశారు, అదీ సెప్టెంబర్‌లో హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ వచ్చింది, జూన్‌లో మూడోసారి అదే ప్రిలిమ్స్. ఇన్నిసార్లు హాల్‌టికెట్ ప్రింట్ తీసుకున్నోడు, కీ మీద డౌట్ అడిగితే "నెగెటివ్" ఎట్లా అవుతాడు చెప్పు? ఫ్రీగా ప్రూఫ్ చూసి పెడుతున్నాడు, అసలు పైసలిచ్చి పెట్టుకోవాల్సిన మనిషి.

కాబట్టి ఆ ఐదుగురికీ విడివిడిగా మెసేజ్ చెయ్. పెద్ద స్పీచ్ వద్దు. "ఆ బిట్‌కి కరెక్ట్ ఆన్సర్ 44, మీరు చెప్పిందే రైట్. గ్రూపులోంచి తీసేయడం మాది తప్పు. స్కోర్లు మార్చాం, మీరు మళ్లీ రావాలనుకుంటే ఇదిగో లింక్" అంతే. సాకులు చెప్పకు, టెక్నికల్ ఎర్రర్ అనే మాట అస్సలు వాడకు, అశోక్‌నగర్‌లో ఆ మాట వింటే నవ్వుతారు. మెసేజ్ పంపే ముందు స్కోర్లు నిజంగా మార్చి ఉండాలి, ర్యాంకులు మళ్లీ వెయ్యాలి. ఇద్దరు వస్తారేమో, ఒకడు నిన్ను తిడతాడేమో, తిట్టించుకో. తర్వాత అదే మాట పెద్ద గ్రూపులో కూడా పెట్టు, ఎందుకంటే తప్పు జరిగింది అందరి ముందూ కదా. వాళ్లు పెట్టుకున్న కొత్త గ్రూపు జోలికి పోవద్దు. అందులో దొంగచాటుగా చేరి ఎవరేమంటున్నారో స్క్రీన్‌షాట్లు తియ్యమని మీ సార్ అంటారేమో, వద్దను.

ఇదంతా అయిపోయినదానికి. ముందు ముందు ఏం చెయ్యాలంటే, కమిషన్ చేసే పనే మీరూ చెయ్యండి. తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్, అదే టీజీపీఎస్సీ, పరీక్ష అయ్యాక ప్రిలిమినరీ కీ పెడుతుంది, అభ్యంతరాలు తీసుకుంటుంది, తర్వాత ఫైనల్ కీ ఇస్తుంది. జేఈఈ మెయిన్ పెట్టే ఎన్‌టీఏ కూడా అంతే, అక్కడైతే ఒక్కో బిట్ చాలెంజ్ చెయ్యడానికి 200 రూపాయలు కట్టాలి. మీ దగ్గర ఫ్రీ. ఆదివారం మాక్ అయిపోగానే కీ మీద "ప్రిలిమినరీ" అని రాసి పెట్టు, మంగళవారం రాత్రి దాకా టైమివ్వు, చిన్న ఫారం ఒకటి పెట్టు: బిట్ నంబర్, నీ ఆన్సర్ ఏంటి, ఏ పుస్తకం ఏ పేజీ, ఫోటో. బుధవారం ఫైనల్ కీ. ఏ బిట్లు మారాయి, ఏవి మారలేదు, ఎందుకు మారలేదు అనేది ఒక్కో లైన్‌లో రాయి. ఎందుకు మారలేదు అనేది ముఖ్యం, ఎందుకంటే అడిగినోడికి కావాల్సింది గెలుపు కాదు, తన ఫోటో ఎవరో తెరిచి చూశారన్న నమ్మకం. తప్పు పట్టుకున్నోళ్ల పేర్లు, వాళ్లు సరే అంటేనే, పైన రాయి. చూస్తూ ఉండు, పది రూపాయల గివ్‌అవే కూపన్ చెయ్యని పని ఆ ఒక్క లైన్ చేస్తుంది.

అన్ని గొడవలూ 42, 44 అంత తేలిగ్గా తేలవు, అదీ చెప్తా. "ప్రాథమిక విధులు ఎన్ని" అని అడిగి కీలో 10 పెట్టారనుకో. 1976లో 42వ సవరణతో వచ్చినవి 10, పదకొండోది 2002లో 86వ సవరణతో వచ్చింది. ప్రశ్నలో "42వ సవరణ ద్వారా" అని లేకపోతే 11 అన్నోడిదే రైట్, ఉంటే 10 రైట్. రాసినోళ్ల మనసులో 42వ సవరణే ఉండి ఆ మాట ప్రశ్నలో పడకపోతే, తప్పు కీది కాదు, ప్రశ్న రాసినోళ్లది. ఆ బిట్ తీసేసి అందరికీ మార్కు కలపండి, ఫలానా మాట లేకపోవడం వల్ల తీసేశాం అని చెప్పండి. పిల్లలకి కూడా ప్రశ్న ఎంత జాగ్రత్తగా చదవాలో దాంతోనే తెలిసొస్తుంది.

స్టూడెంట్స్ అరిచేదాకా ఆగక్కర్లేకుండా ఇంకో పని ఉంది, ఇది మీ టెక్ వాళ్లకి చెప్పు, మామూలు ఎక్సెల్‌లో అయిపోయే పని. మాక్ రాసినోళ్లని మార్కుల వరుసలో పెట్టి పైన 27 శాతం మందిని, కింద 27 శాతం మందిని తీసుకోవాలి. ఈ 27 అనే లెక్క 1939లో ట్రూమన్ కెల్లీ అనే ఆయన చూపించింది, పరీక్షలు తయారు చేసేవాళ్లు ఇప్పటికీ వాడతారు. ప్రతి బిట్‌కీ పైవాళ్లలో ఎంత మంది కరెక్ట్, కిందివాళ్లలో ఎంత మంది కరెక్ట్ అని చూడాలి. మామూలుగా పైవాళ్లే ఎక్కువుండాలి కదా. ఆ ఆస్తి హక్కు బిట్‌నే తీసుకో, వెయ్యి మంది రాస్తే పైన 270 మందిలో ఇరవై మందికే మార్కు పడింది, కింద 270 మందిలో తొంభై మందికి పడింది అని వచ్చిందనుకో. బాగా చదివినోళ్లంతా తప్పు, చదవనోళ్లు రైట్ అంటే పిల్లల్లో కాదు తేడా, కీలో. అట్లా తిరగబడిన బిట్లని ప్రిలిమినరీ కీ పెట్టకముందే ఫ్యాకల్టీ చేత మళ్లీ చూపించు. ప్రతి తప్పూ దొరకదు, తికమక ప్రశ్నల్లో అంకెలు అటూ ఇటూగా వస్తాయి, కానీ ఆ 42 లాంటివి మాత్రం ఆదివారం సాయంత్రానికే దొరికిపోతాయి.

ఇక గ్రూపు సంగతి. పీడీఎఫ్‌లు, టైమ్‌టేబుల్, ఆఫర్లు అన్నీ ఒకే గ్రూపులో పోస్తే ఎవడైనా మ్యూట్ చేస్తాడు, నేనైనా చేస్తా. అవన్నీ వేరే చానల్‌లో పడెయ్, గ్రూపుని మాటలకే ఉంచు. టెలిగ్రామ్‌లో టాపిక్స్ ఉన్నాయి కదా, సబ్జెక్ట్‌కో గది తెరిచి పాలిటీ డౌట్ పాలిటీలోనే, అర్థమెటిక్ అర్థమెటిక్‌లోనే అను, కీ అభ్యంతరాలకి ఒక గది. పొద్దున ఆరింటికి సూర్యుడి బొమ్మ మీద కొటేషన్ పెట్టడం ఈ రోజే ఆపెయ్ తల్లీ, నీకు పుణ్యముంటుంది.

క్విజ్ పోల్ బాగా పనికొస్తుంది కానీ దానికి కొన్ని ఇబ్బందులున్నాయి. ప్రశ్నకి, ఒక్కో ఆప్షన్‌కి, వివరణకి ఇన్ని అక్షరాలే అని పరిమితి ఉంది, అంతకంటే పట్టదు. తెలుగులో జతపరచండి ప్రశ్న, రెండు వాక్యాలిచ్చి ఏది సరైనది అనే ప్రశ్న అందులో ఇమడవు, నువ్వు కుదించబోతే అర్థం మారి మళ్లీ కొత్త లొల్లి. పెద్ద బిట్‌ని బొమ్మగా పెట్టి కింద పోల్‌లో ఎ, బి, సి, డి మాత్రమే ఇవ్వు. చానల్‌లో పెట్టే పోల్‌లో ఎవరు ఏది నొక్కారో కనపడదు, తప్పు నొక్కితే నవ్వుతారేమో అని భయపడేవాళ్లకి అదే నయం, అందుకే ముందు చానల్‌లో పెట్టు, గంట తర్వాత గ్రూపులో "సి ఎందుకు కాదు" అని అడుగు. "ఎ" అని ఎక్కువ మంది నొక్కితే "ఎ" ఎందుకు నొక్కారో రాయమను. అక్కడే అసలు మాటలు మొదలవుతాయి. వివరణ తెలుగులో రాయి. ప్రశ్న తెలుగులో ఇచ్చి వివరణ ఇంగ్లిష్‌లో పడేసే అలవాటు ఈ యాప్‌లన్నిట్లో ఉంది, తెలుగు మీడియం వాడికి నువ్వు మా వాడివి కాదని చెప్పినట్టే అది.

అమ్మాయిలు ఎందుకు మాట్లాడరో నీకు తెలుసు, నాకూ తెలుసు, మీ సార్‌కి మాత్రం చెప్పాలి. ఒక అమ్మాయి గ్రూపులో "ఈ ప్రాబ్లం ఎట్లా చెయ్యాలి" అని టైప్ చేసిందంటే పది నిమిషాల్లో ఇన్‌బాక్స్‌లో "హాయ్", "ఏ ఊరు", "నోట్స్ కావాలా" అని నలుగురు దిగుతారు. రెండోసారి ఆ అమ్మాయి మాట్లాడదు. మెంబర్ల లిస్ట్ కనపడకుండా దాచే సెట్టింగ్ అడ్మిన్‌కి ఉంటుంది, అది ఆన్ చెయ్. ఫోన్ నంబర్ ఎవరికీ కనపడకుండా ఎలా పెట్టుకోవాలో స్క్రీన్‌షాట్లతో ఒకసారి చూపించి పిన్ చెయ్. పేరు లేకుండా డౌట్ పంపే ఫారం ఒకటి పెట్టు, నువ్వే గ్రూపులో వెయ్యి. అడగకుండా ఇన్‌బాక్స్‌కి పోయాడని స్క్రీన్‌షాట్ వస్తే ఆ క్షణమే బయటికి. తీసేసే బటన్ దేవుడిచ్చింది దీనికే, కీ తప్పన్నోడి మీద వాడడానికి కాదు. వాట్సాప్ గ్రూపు పెట్టమని సార్ అంటే ఒప్పుకోకు, అక్కడ అందరి నంబర్లూ అందరికీ కనిపిస్తాయి. ఇంటర్ పిల్లల కోసం ఎప్‌సెట్ బ్యాచ్ పెట్టే ఆలోచన ఉంటే వాళ్లని ఈ గ్రూపులో కలపొద్దు, పద్దెనిమిదేళ్లు నిండనోళ్ల సమాచారం తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలని 2023 డేటా రక్షణ చట్టం చెప్తోంది, వేరే గ్రూపు, వేరే రూల్స్.

లీడర్‌బోర్డ్ గురించి నువ్వు రాయలేదు గానీ ఉండే ఉంటుంది. ప్రతి వారం అవే పది పేర్లు కదా? మిగతావాళ్లు చూసేది వాళ్ల పేరు లేకపోవడమే. దానికంటే ఎవడి పోయిన నెల మార్కుకీ ఈ నెల మార్కుకీ తేడా వాడికి మాత్రమే చూపించండి. తక్కువొచ్చినోడు మాక్‌లు రాయడం మానేస్తాడు, సిలబస్ అయ్యాక రాస్తా అంటాడు, ఆ సిలబస్ ఏనాటికీ అవ్వదు. వాడికి ఒక సంగతి చెప్పు. 2006లో రోడిగర్, కార్పికే అని ఇద్దరు సైకాలజిస్టులు ఒక పాఠాన్ని కొంతమంది స్టూడెంట్స్ చేత మళ్లీ చదివించారు, ఇంకొంతమంది చేత చదివాక పుస్తకం మూసి గుర్తున్నది రాయించారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినోళ్లకే బాగా గుర్తుంది, వారం తర్వాత అడిగితే మాత్రం పుస్తకం మూసి రాసినోళ్లకే ఎక్కువ గుర్తుంది. అంటే తక్కువ మార్కొచ్చిన మాక్ కూడా చదువే. ఇది మీ వ్యాపారానికి కూడా మంచి మాటే, ఇంతకంటే నిజాయితీ ఉన్న ప్రకటన మీ సార్‌కి దొరకదు. కానీ మా యాప్‌లో ఇంత ర్యాంకొస్తే అసలు పరీక్షలో ఉద్యోగం గ్యారంటీ అనే మాట మాత్రం ఎవరినీ అననీయకు. మీ మాక్ రాసేది మీ యాప్ కొన్నోళ్లు, అసలు పరీక్ష రాసేది రాష్ట్రమంతా.

"అక్కా నోటిఫికేషన్ ఎప్పుడు" అనే ప్రశ్న రోజూ వస్తుంది, దానికి ఒకటే జవాబు, కమిషన్ సైట్‌లో వెబ్ నోట్ పడితే పెడతాం, పడకపోతే మాకూ తెలీదు. "త్వరలో భారీ నోటిఫికేషన్, ఇప్పుడే జాయిన్ అవ్వండి" అని పోస్టర్ కొట్టమంటే ఒక లెక్క చూపించు. 783 పోస్టుల గ్రూప్-2 నోటిఫికేషన్ 2022 డిసెంబర్‌లో వచ్చింది, వాయిదాల మీద వాయిదాలు పడి పరీక్ష జరిగింది 2024 డిసెంబర్ 15, 16న. ఆ రెండేళ్లూ రూమ్ రెంట్ కట్టి, ఐదు రూపాయల భోజనం లైన్లో నిలబడినోళ్లు నీ గ్రూపులో ఉన్నారు. "త్వరలో" అనే మాటకి వాళ్ల దగ్గర విలువ లేదు. పుకారు వస్తే, ఎవడో పాత వెబ్ నోట్ మీద తేదీ మార్చి పంపితే, పావుగంటలో అది ఫేక్ అని చెప్పిన గ్రూపుకే వాళ్లు వస్తారు.

ఫోటోల దగ్గర జాగ్రత్త, ఇది చట్టం సంగతి. 2024 నవంబర్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ కోచింగ్ ప్రకటనల మీద మార్గదర్శకాలు తెచ్చింది. సెలెక్ట్ అయిన అభ్యర్థి పేరు, ఫోటో వాడాలంటే సెలెక్షన్ అయ్యాక రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, చేరేటప్పుడే సంతకం పెట్టించుకున్న ఫారం చెల్లదు. అతను మీ దగ్గర ఏ కోర్సు తీసుకున్నాడు, ఎన్నాళ్లు, డబ్బు కట్టాడా ఫ్రీయా అన్నీ రాయాలి. రెండు ఫ్రీ మాక్‌లు రాసి వెళ్లినోడి ఫోటో కింద "మా స్టూడెంట్" అని వేసేసే అలవాటు ఈ సిటీలో ఏ పిల్లర్ చూసినా కనిపిస్తుంది. మీ సార్‌కి ఆ కాగితం ప్రింట్ తీసి ఇవ్వు, నువ్వు చెప్తే వినకపోయినా అది చెప్తే వింటారు. ఫోటోల బదులు సెలెక్ట్ అయినోళ్లలో ఒకరిద్దరిని గ్రూపులో ఒక గంట కూర్చోబెట్టు, ప్రశ్నలు పిల్లలనే అడగనివ్వు, మీ యాప్ గురించి మంచి చెప్పమని అడక్కు. అతను మీ కరెంట్ అఫైర్స్ బాలేదని అంటే అననీ.

ఇక మీ సార్‌ని ఎట్లా ఒప్పించాలి? ఆయన విలన్ ఏం కాదు, స్క్రీన్‌షాట్‌కి భయపడుతున్నారు, పెట్టుబడి పెట్టినోళ్లు చూస్తే ఏమంటారో అని. ఆయనకి విలువలు, నిజాయితీ అని చెప్పకు, అంకెలు చూపించు. మెసేజ్‌లు డిలీట్ చేసిన వారం ముందు ఎంత మంది మాక్ రాశారు, తర్వాత ఎంత మంది రాశారు, ఎన్ని రీఫండ్‌లు అడిగారు, ఎంత మంది రెన్యువల్ చెయ్యలేదు. అడ్మిన్ ప్యానెల్ నీ చేతిలోనే ఉంది కదా, ఒక షీట్ తయారు చెయ్. ఎన్ని మెసేజ్‌లు పడ్డాయనేది లెక్క కాదని కూడా చెప్పు, గివ్‌అవే పెడితే "డన్" అని రెండు వేల మెసేజ్‌లు వస్తాయి, మర్నాడు ఒక్కడూ ఉండడు. లెక్క పెట్టాల్సింది డౌట్ అడిగితే ఎంతసేపటికి జవాబు వచ్చింది, పోయిన ఆదివారం మాక్ రాసినోళ్లలో ఈ ఆదివారం ఎంత మంది మళ్లీ రాశారు, ఒక స్టూడెంట్ డౌట్‌కి ఇంకో స్టూడెంట్ ఎన్నిసార్లు జవాబిచ్చాడు. చివరిది పెరిగితే నీ పని సగం వాళ్లే చేసేస్తారు.

అన్నీ ఒకేసారి ఒప్పుకోరు, పాలిటీ ఒక్క సబ్జెక్ట్‌లో నెల రోజులు కీ అభ్యంతరాలు పెట్టి చూద్దాం సార్ అను. దానికి ఒప్పుకుంటే నీ పని మొదలైనట్టే. దానికీ కాదని, మళ్లీ లొల్లి అయితే మళ్లీ తీసెయ్ అంటే, ఈసారి తీసే పని నువ్వు చెయ్యకు, మీరే తీసుకోండి సార్ అని మర్యాదగా చెప్పు. ఆ గ్రూపులో అడ్మిన్ అని కనపడేది ఆయన పేరు కాదు, నీది, రేపు చిక్కడపల్లిలో ఎవరైనా గుర్తుపట్టి అడిగితే జవాబు చెప్పుకోవాల్సింది నువ్వే. ఇంకా కుదరకపోతే రెజ్యూమ్ సరిచేసుకో, హైదరాబాద్‌లో ఇలాంటి కంపెనీలకి కరువు లేదు. ఇంటర్వ్యూ చివర్లో మీరేమైనా అడుగుతారా అంటారు కదా, మీ మాక్‌లో కీ తప్పొస్తే ఏం చేస్తారని అడుగు.